పులస మనదైతే దాని దారి కూడా మనదే

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే మన చుట్టాల ఫోన్లలో ఒకటే ప్రశ్న మొదలవుతుంది. ఈసారి పులస యాడ దొరుకుతుంది? బెంగళూరులో ఉన్నోళ్ళు యానాంలో తెలిసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా అని వెతుకుతారు. అమెరికాలో ఉన్నోళ్ళు ఇంకో రకంగా అడుగుతారు. సముద్రం మీదికి పోకుండా, లోపలి ఏర్లలో సాల్మన్ చేప ఎక్కి వచ్చే చోటు ఏది, గాలం వేసేదానికి లైసెన్సు ఎట్లా అని. వినడానికి రెండు ప్రశ్నలు. లోపల ఉండేది ఒకటే: గుడ్లు పెట్టేదానికి సముద్రం నుంచి ఏటికి వచ్చే చేపను దారిలో ఎక్కడ నిలబడి పట్టుకోవచ్చు?

నా మాట సూటిగానే చెప్తాను. ఈ ప్రశ్న అడగడం మానుకుందాం. ఆ చేపను ఎవరు ఆపుతున్నారు, అది ఎంత దూరం పోగలిగితే మళ్ళీ ఏడాది వస్తుంది అని అడుగుదాం. ఇరవై వేలు పెట్టి ఒక చేపను కొని, దాకలో పులుసు ఫోటో తీసి, "మన తెలుగు రుచి" అని పంపేటోళ్ళు ఆ చేప వచ్చిన ఏటి గురించి ఒక్క ముక్క మాట్లాడకపోతే, దాన్ని వారసత్వం అనొద్దు. కొనుగోలు అనండి, సరిపోతుంది.

రాయచెర్లు వాళ్ళకు పులసతో ఏమి పని అని ఎవరన్నా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పావగడ తాలూకాకు మూడు దిక్కుల ఆంధ్రా, మనం మాత్రం కర్ణాటక. సముద్రం ఎంత దూరమో పటం తీసి చూసుకోవాల. మన అవ్వల వంటింట్లో సంగటి, ఊరిబిండి, ఉలవచారు ఉండేవి. చెరువు నిండిన ఏడు చెరువు చేప. పులస పేరు మనకు సినిమాల నుంచి, టీవీల నుంచి, ఇప్పుడు ఫోన్ల నుంచి వచ్చింది. "పుస్తెలమ్మి అయినా పులస తినాల" అనే సామెత గోదారోళ్ళది. బయట ఉన్న తెలుగోళ్ళందరం దాన్ని మనదే అన్నట్టు చెప్పుకుంటున్నాం. తప్పేమీ లేదు. కానీ మనది అన్నాక దాని కష్టం కూడా మనదే కావాల గదా.

సముద్రం చేప మన పక్కకు ఎందుకు రాదో ముందు చూద్దాం. మా కన్నడం బడిలో మన ఏటి పేరు ఉత్తర పినాకిని అని నేర్పినారు. ఇంటికొస్తే అదే పెన్నేరు. నందికొండల్లో పుట్టి, గౌరిబిదనూరు, హిందూపురం పక్కల మీదుగా మన నాగలమడికెకు వచ్చి, మళ్ళీ ఆంధ్రాలోకి దిగి, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఇప్పుడు సముద్రం వైపు నుంచి ఒక చేప బయలుదేరిందనుకోండి. మొదట నెల్లూరు బ్యారేజీ. తరువాత సంగం. ఆపైన సోమశిల. ఆపైన మైలవరం, గండికోట, మిడ్ పెన్నార్, పేరూరు డ్యాం. అన్నీ దాటితే చివరికి నాగలమడికె కట్ట. ఇన్ని గోడలు దాటే చేప ఇంకా పుట్టలేదు. దాటినా, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే ఉండే ఏట్లో అది చేసేదేమీ లేదు. కాబట్టి సముద్రం నుంచి ఎక్కి వచ్చే చేప కథ మన పెన్నేటిలో ఎప్పుడో ముగిసింది. అది ఇంకా ముగియని చోటు గోదావరి. అందుకే అక్కడి సంగతి మనకూ కావాల.

పులస అనేది వేరే జాతి చేప కాదు. సముద్రంలో ఉన్నంత కాలం దాన్ని విలస అంటారు, ఇలస అని కూడా అంటారు. బెంగాలీలు ఇలిష్ అనేదీ అదే. గోదావరి వరద నీళ్ళు సముద్రంలో కలిసేటప్పుడు ఆ తీపి నీటి జాడ పట్టుకొని, ప్రవాహానికి ఎదురీదుతూ ఏట్లోకి వస్తుంది. అట్లా వచ్చినాకే దానికి పులస అని పేరు. జులై నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. అది మన కోసం రుచి తెచ్చేదానికి రావడం లేదు, గుడ్లు పెట్టేదానికి వస్తోంది. ఒక్కో ఆడచేప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. పసిఫిక్ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టినాక చచ్చిపోతాయి. పులస అట్లా కాదు, గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోగలదు, ఇంకో ఏడు మళ్ళీ రాగలదు. అంటే గుడ్లు పెట్టకముందే పట్టిన పులసతో ఈ ఏటి పిల్లలే కాదు, వచ్చే ఏళ్ళ పిల్లలు కూడా పోతాయి. "గుడ్డు చేప అయితే ఇంకా రుచి" అని ఎక్కువ ధర పెట్టేది ఎవరు? మనమే.

ఇక గోడ సంగతి. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టింది అదే, కాదనేవాడు లేడు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. పులస ప్రయాణానికి అక్కడ పెద్ద అడ్డు. సాల్మన్ మాదిరి ఎగిరి దూకే గుణం ఈ చేపకు లేదు. నీళ్ళు సాఫీగా దిగే దారి ఉంటేనే ఎక్కుతుంది. అందుకే ధవళేశ్వరం కింద, యానాం దాకా ఉండే పాయల్లోనే అది తిరుగుతుంది, వలలన్నీ కూడా అక్కడే కాచుకొని ఉంటాయి. కృష్ణకూ ఇదే కథ, బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. కావేరిలో 1934లో మెట్టూరు డ్యాం వచ్చినాక అక్కడి ఇలస వేట కూలిపోయింది. గంగలో ఒకప్పుడు అలహాబాదు దాటి పోయిన ఇలిష్, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చినాక పైకి దాదాపు పోకుండా అయింది.

ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. ఈ ఆనకట్టల వల్ల సముద్ర తీరంలోని చేపలవేటకు దెబ్బ తగులుతోందని, గుడ్లు పెట్టే చేపలు, ముఖ్యంగా ఇలస, పైకి పోలేకపోతున్నాయని 1867లో ప్రభుత్వం దృష్టికి తెచ్చింది ఎవరో కాదు, సాక్షాత్తు ఆర్థర్ కాటన్. ఆ తరువాతే ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు డాక్టరును ఈ విషయం పరిశీలించమన్నారు. డే దేశమంతా తిరిగి 1873లో మంచినీటి చేపల మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని ఊరు తక్కువ, ఆయన పేరు పెట్టి తద్దినాలు పెట్టేటోళ్ళూ ఉన్నారు. ఆనకట్ట కట్టినందుకు దండ వేస్తాం. అదే మనిషి చేప గురించి చెప్పిన మాట మాత్రం 150 ఏళ్ళు దాటినా మన చెవికెక్కలేదు.

సరే, గోడ పాతది. ఇప్పుడు చేస్తున్నదేమిటి? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని చెప్తారు. మంచిదే. కానీ పులస ఏటి మొగ దగ్గరికి చేరేది ఎప్పుడు? జూన్ చివర, జులైలో, వరద మొదలైనాక. అంటే నిషేధం ఎత్తేసి, పడవలన్నీ ఒక్కసారిగా సముద్రంలోకి దిగినాక. దొంగ వచ్చే వేళకు కాపలావాడిని ఇంటికి పంపినట్టు ఉంది. సముద్రంలో కొన్ని పోతాయి. మొగలో కొన్ని పోతాయి. పాయల్లోకి వచ్చినవాటికి వల. ఆ వలను తప్పించుకున్నవాటికి ధవళేశ్వరం.

ఇంకో విచిత్రం. ఎగువన పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కిపోయేదానికి ప్రత్యేకంగా మెట్ల దారి కట్టినారు. కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ సలహా తీసుకొని, పులసను దృష్టిలో పెట్టుకొని చేసిన పని. మెచ్చుకోవాల్సిందే. కానీ పోలవరం మెట్లు ఎక్కాలంటే చేప ముందు ధవళేశ్వరం దాటి రావాల గదా. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో పది మెట్ల దారిలో ఒక్క మెట్టు ఫెయిలైతే, మిగతా తొమ్మిది పాసైనాయని ఎవరూ సంబరపడరు. మొత్తం ఫెయిల్ అనే రాస్తాం. సముద్రం, మొగ, పాయ, ధవళేశ్వరం, పోలవరం, ఇవన్నీ కలిపి ఒకటే దారి. చివరి మెట్టు ఒక్కటి బాగుచేసి దారి వేసినాం అనుకోవడం కుదరదు.

సాల్మన్ కోసం ఏర్లు వెతికే మన అమెరికా చుట్టాలు ఇక్కడ ఒక సాక్ష్యం చెప్పగలరు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మనోళ్ళను అడగండి. సాల్మన్ పట్టాలంటే లైసెన్సు చాలదు, పట్టిన ప్రతి చేపనూ కార్డులో రాయాల. ఏ ఏటిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని పట్టొచ్చో నియమం ఉంటుంది. హేచరీలో పెంచి వదిలిన చేపకు వెన్ను మీద తోకకు ముందుండే చిన్న రెక్క కత్తిరించి పంపుతారు. చాలా ఏర్లలో ఆ రెక్క ఉన్న చేప గాలానికి పడితే, అది అడవి చేప అని, నీళ్ళలోకి వదిలేయాల. సియాటిల్‌లోని బల్లార్డ్ లాకుల దగ్గర సాల్మన్ మెట్లెక్కి పోయేది అద్దాల్లోంచి చూసేదానికి పిల్లల్ని తీసుకుపోతారు మనోళ్ళు. కాలిఫోర్నియాలో చేపలు తగ్గినాయని 2023లో, 2024లో సాల్మన్ వేటను ఏకంగా మూసేసినారు. క్లామత్ ఏటి మీద నాలుగు డ్యాములు పడగొట్టే పని 2024లో పూర్తయింది. కొద్ది వారాల్లోనే, అదే ఏడు అక్టోబరులో, నూరేళ్ళకు పైగా సాల్మన్ చూడని ఎగువ నీళ్ళలో చినూక్ సాల్మన్ కనబడింది.

ఆ దేశంలో ఈ నియమాలన్నీ మన చుట్టాలు తల వంచి పాటిస్తారు. జరిమానా భయం అనుకోండి, మర్యాద అనుకోండి. అదే మనుషులు ఆగస్టులో సెలవు మీద వచ్చి, "ఎంతైనా పర్వాలేదు, గుడ్డున్న పులస కావాల" అంటారు. అక్కడి ఏటికి ఉన్న గౌరవం ఇక్కడి ఏటికి ఎందుకు లేదు? ఈ ప్రశ్న నేను కోపంతోనే అడుగుతున్నాను.

అదంతా డబ్బున్న దేశం, మనకు కుదరదు అనేటోళ్ళకు బంగ్లాదేశ్‌ను చూపిస్తాను. వాళ్ళది ఇదే చేప. అక్టోబరులో గుడ్లు పెట్టే సమయాన 22 రోజులు ఇలిష్ పట్టడం, అమ్మడం, మోయడం అన్నీ బంద్. 25 సెంటీమీటర్లలోపు పిల్ల చేపలను నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. ఆ రోజుల్లో జాలర్ల కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో దగ్గర దగ్గర 2 లక్షల టన్నులున్న పట్టుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. వాళ్ళు గొప్ప ధనవంతులేమీ కాదు. అన్నం పెట్టే చేప పోతుందని భయపడినారు, అంతే.

ఎదురు వాదనలు నాకు తెలుసు. మొదటిది: జాలర్ల పొట్ట కొడతావా? కొట్టమనడం లేదు. పులస ధర ఇరవై వేలు దాటిందంటే జాలరి బాగుపడినాడని అర్థం కాదు, చేపలు కరువైనాయని అర్థం. ఒక్క చేపకు ఇరవై వేలు వచ్చే మనిషి వెనక, వల ఉత్తదే ఎత్తుకొని ఇంటికి పోయినోళ్ళు ఎంతమందో. సముద్రంలో వేట నిషేధం ఉన్న రెండు నెలలకు ఆంధ్ర ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు డబ్బులిస్తోంది. 2025లో ఆ సాయం 20,000 రూపాయలు చేసినారు. వరద కాలంలో కొన్ని వారాలు మొగల్లో, పాయల్లో వల ఆపమని చెప్పి, ఆ వారాలకు ఏటి జాలర్లకూ అట్లాంటి సాయం ఇవ్వొచ్చు గదా. దారి తెలియనిది కాదు.

రెండోది: బ్యారేజీ పగలగొట్టి డెల్టాను ఎండబెడతావా? ఆ మాట నేను అనలేదు, కాటన్ కూడా అనలేదు. వరద రోజుల్లో ఎట్లాగూ గేట్లెత్తి నీళ్ళు సముద్రానికి వదులుతారు. పులస వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఏ గేటు ఎప్పుడు, ఎంత ఎత్తితే చేప ఎక్కగలదో, ఏ పాయలో దానికి మెట్ల దారి కుదురుతుందో ఇంజనీర్లు, చేపల శాస్త్రజ్ఞులు కూర్చుని తేల్చాల్సిన పని. పోలవరంలో ఆలోచించినోళ్ళు ధవళేశ్వరంలో ఆలోచించలేరా?

మూడోది మనలో ఎక్కువ వినబడేది: బయట పెరిగే పిల్లలకు తెలుగు రుచి తెలియొద్దా? తెలియాల. కానీ కరువైన చేపనే ఎందుకు? సీజన్లో పులస పేరుతో అమ్మేదాంట్లో ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన సముద్రపు ఇలస ఎంతుంటుందో అమ్మేవాడికే తెలుసు. కొనేవాడికి తేడా తెలియదు. పేరుకు డబ్బు పెడుతున్నాం, రుచికి కాదు. పిల్లలకు చింతపండు పులుసు పెట్టే విధానం నేర్పండి. చెరువులో పెంచిన కట్ల, రోహుతో చేసినా ఆ పులుసు తెలుగు పులుసే.

ఇప్పుడు మన ఊరి మాట. గోదావరి దూరం అని తప్పించుకునేదానికి లేదు, ఎందుకంటే ఇదే పని మనమూ చేస్తున్నాం. మంచి వాన పడి చెరువు మరవ పారిందంటే, కన్నడం వాళ్ళు కోడి బిద్దితు అంటారే, ఆ పొద్దు ఏమవుతుంది? కిందున్న వంకలోంచి చిన్న చేపలు, జెల్లలు, పరిగెలు నీటికి ఎదురెక్కి చెరువులోకి పోవాలని చూస్తాయి. అవీ గుడ్లున్న చేపలే. పులస వందల మైళ్ళలో చేసే పని అవి వంద గజాల్లో చేస్తాయి. మరవ దగ్గర మనోళ్ళు గంపలు, చీరలు, దోమతెరలు అడ్డం పెట్టి, వేలంత పిల్లను కూడా వదలకుండా ఊడ్చేస్తారు. మూడు నాలుగేళ్ళకొకసారి నిండే చెరువులో, వచ్చిన ఒక్క అవకాశాన్ని ఒక్క పూటలో ముగించేస్తాం. తరువాత "మా చిన్నప్పుడు ఈ చెరువులో ఎన్ని రకాల చేపలుండేవో" అని కథలు చెప్తాం. ఆ రకాలు ఎక్కడికీ వలస పోలేదు. మరవ దగ్గరే గంపలోకి పోయినాయి.

అందుకే ఈ ఇంటి మనుషులకు, ఊరి మనుషులకు నాలుగు మాటలు.

ఒకటి, జులై నుంచి సెప్టెంబరు దాకా పులస కొనొద్దు, తెప్పించుకోవద్దు, ఎవరన్నా ఫోటో పంపితే వాహ్వా అనొద్దు. ధర పెంచేది మన వాహ్వానే.

రెండు, ఆంధ్రాలో ఓటున్న చుట్టాలు తమ ఎమ్మెల్యేను, ఎంపీని రెండే అడగాల: పులస కాలానికి సరిపోయేట్టు ఏటిలో నిషేధం, దానికి తగిన సాయం. దానితో పాటు ధవళేశ్వరంలో చేపకు దారి.

మూడు, సాల్మన్ ఏర్ల దగ్గరుండే చుట్టాలు అక్కడి నియమాలు, మెట్ల దారుల సంగతులు తెలుగులో రాసి మనకు పంపండి. ఇక్కడ అడిగేదానికి పనికొస్తాయి.

నాలుగు, రాయచెర్లులో, చుట్టుపక్క ఊర్లలో, మరవ పారిన మొదటి మూడు దినాలు అక్కడ గంప గానీ దోమతెర గానీ పెట్టకూడదని పంచాయతీలో తీర్మానం చేయించాల. చెరువు చేపలు గుత్తకు ఇచ్చేటప్పుడు కాగితంలో ఈ ఒక్క షరతు రాయించాల. దీనికి ఢిల్లీ అక్కర్లేదు, అమరావతి అక్కర్లేదు, బెంగళూరు కూడా అక్కర్లేదు. ఊరి కట్ట మీద పదిమంది ఒప్పుకుంటే చాలు.

నాలుగోది మనం చేయలేకపోతే మొదటి మూడు అడిగే హక్కు మనకు లేదు. ఈసారి వాన పడి మరవ పారే లోపలే ఆ తీర్మానం కావాల.